ఎడారి దారిలో ఒక్కదానివే వెళ్తున్నావట, చిట్టీ

చిట్టీ,

కారును ట్రక్కులో పంపించకుండా నువ్వే నడుపుకుంటూ డాలస్ నుంచి శాన్ డియేగో వెళ్తానన్నావని మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. అక్కకు ఒకటే టెన్షన్. నాకు మాత్రం చాలా సంతోషమేసింది. ఆ దారిలో నేను మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ ఒక్కదాన్నే. అందుకే వెళ్లొద్దని అనను. ఎలా వెళ్లాలో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

మొత్తం 1,350 మైళ్ల దాకా ఉంటుంది. రెండు రోజుల్లో వెళ్లిపోవచ్చని నీ ఫ్రెండ్స్ చెప్తారు. వాళ్లు ముగ్గురు నలుగురు వంతులేసుకుని నడిపేవాళ్లు. నువ్వు నాలుగు రోజులు పెట్టుకో. మొదటి రోజు ఐ-20 హైవే మీద మిడ్‌ల్యాండ్, ఒడెస్సా దాటి వాన్ హోర్న్. 500 మైళ్లు దాటేది ఆ ఒక్క రోజే. రెండో రోజు ఎల్ పాసో మీదుగా లాస్ క్రూసెస్, మూడో రోజు టూసాన్, నాలుగో రోజు ఐ-8 పట్టుకుని యూమా మీదుగా శాన్ డియేగో. పడమటికి పోతున్నావు కాబట్టి సాయంత్రం ఎండ సూటిగా కళ్లలోనే కొడుతుంది. పొద్దున ఆరుకల్లా బయల్దేరి, ఐదు కాకముందే రూమ్‌కు చేరుకో.

సిటీలో పెట్రోల్ లైటు వెలిగాక బంకు వెతుక్కుంటాం. అక్కడ ఆ అలవాటు పనికిరాదు. ఏదైనా సరే, అవసరం పడకముందే చేసెయ్యాలి. ముల్లు సగానికి వచ్చిందంటే కనపడ్డ మొదటి బంకులో ఆపు. పశ్చిమ టెక్సాస్‌లో స్పీడ్ లిమిట్ గంటకు 80 మైళ్లు ఉంటుంది, వసంతంలో ఎదురుగాలి కూడా తోడవుతుంది. నీ కారు రోజూ ఇచ్చే మైలేజీ అక్కడ ఇవ్వదు. మొదటిసారి వెళ్లినప్పుడు మ్యాప్‌లో బంకు ఉందని నమ్ముకుని పోతే అది ఎప్పుడో మూతపడి ఉంది. ఏసీ ఆపేసి, ఆ ముల్లునే చూసుకుంటూ తర్వాతి ఊరికి చేరేసరికి నా చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. ఆ గంట నీకు రాకూడదు.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. మనం అనంతపురం ఎండల్లో పెరిగినవాళ్లం, ఎండంటే తెలుసు అనుకుంటాం. విజయవాడ ఉడకపోతలో ఒళ్లంతా చెమటతో తడుస్తుంది కాబట్టి దాహం గుర్తొస్తుంది. ఎడారి గాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. సాయంత్రం చూసుకుంటే నా నల్ల కుర్తా వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. దాహం వేసేదాకా ఆగకు, గుక్క గుక్కగా తాగుతూనే ఉండు. తాగడానికి రోజుకు ఒక గాలన్, కారు ఆగిపోతే వాడటానికి వెనక ఇంకో రెండు గాలన్లు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఐస్ పెట్టిన కూలర్‌లో ఉంచుకో.

లాస్ క్రూసెస్ నుంచి వైట్ శాండ్స్ 50 మైళ్లు. అది తప్పకుండా చూడు. 275 చదరపు మైళ్ల తెల్లటి ఇసుక దిబ్బలు. మామూలు ఇసుక కాదు, జిప్సం. ఎండ కాస్తున్నా కాలదు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను, పాదాల కింద చల్లగా, పిండి తొక్కినట్టు ఉంది. పొద్దు వాలేకొద్దీ తెల్లదనం గులాబీ రంగుకు, ఆ తర్వాత లేత నీలానికి తిరుగుతుంది. ఆ చల్లదనాన్ని నమ్మి దూరం మాత్రం పోకు. 2015 ఆగస్టులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన భార్యాభర్తలు అక్కడి ఆల్కలీ ఫ్లాట్ బాటలో రెండు చిన్న బాటిళ్ల నీళ్లతో నడిచి ఎండకు చనిపోయారు. వాళ్ల తొమ్మిదేళ్ల కొడుకు ఒక్కడే బతికాడు. ఆ బాట ఐదు మైళ్లు, నీడ లేదు, నీళ్లు లేవు. ఎటు చూసినా ఒకేలాంటి దిబ్బలు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు కారు కనిపించేంత దూరం చాలు. పక్కనే సైన్యం క్షిపణులను పరీక్షించే మిసైల్ రేంజ్ ఉంది, పరీక్షలప్పుడు రోడ్డు మూసేస్తారు, కాబట్టి ముందురోజే పార్కు వెబ్‌సైట్ చూసుకో.

వైట్ శాండ్స్ నుంచి లాస్ క్రూసెస్‌కు వెనక్కి వచ్చే దారిలో బోర్డర్ పట్రోల్ వాళ్ల, అంటే సరిహద్దు గస్తీ పోలీసుల, చెక్‌పోస్ట్ ఉంటుంది. నీది హెచ్-1బి వీసా కాబట్టి పాస్‌పోర్టు, అప్రూవల్ నోటీసు, దేశంలోకి వచ్చినప్పటి రికార్డు ఐ-94 ప్రింటు చేతికందేలా పెట్టుకో. ఫోన్‌లో ఫోటోలు ఉన్నాయిలే అనుకోకు. అడిగినదానికి నెమ్మదిగా జవాబు చెప్పు, అంతే.

ఇప్పుడు చెప్పేది కంఠతా పట్టు. లాస్ క్రూసెస్ దాటాక లార్డ్స్‌బర్గ్ దగ్గర ఎండిపోయిన చెరువు నేల ఉంది. గాలి లేస్తే ఆ దుమ్మంతా రోడ్డు మీదికి వస్తుంది. నా ముందు వెళ్తున్న లారీ చూస్తుండగానే మాయమైంది. అలాంటప్పుడు రోడ్డు వదిలి వీలైనంత పక్కకు పో. కారు ఆపు, లైట్లన్నీ ఆర్పు, బ్లింకర్లు కూడా. హ్యాండ్ బ్రేకు వేసి కాలు బ్రేకు మీంచి తియ్యి. సీటు బెల్టు తియ్యకు. లైటు వెలిగితే వెనకొచ్చేవాడు నువ్వు రోడ్డు మీదే పోతున్నావనుకుని నిన్నే పట్టుకుని వచ్చి గుద్దేస్తాడు. నేను అలాగే కూర్చున్నాను. చేటలో బియ్యం చెరిగినట్టు ఇసుక తలుపులకు కొడుతూ ఉంది. పక్క నుంచి ఏదో పెద్ద బండి పోయినట్టుంది, కారంతా ఊగింది. ఒక్క లైటు వేసి ఉన్నా ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

టూసాన్‌లో పొద్దున్నే సాగ్వారో పార్కుకు వెళ్లు. నువ్వు వెళ్లేది మేలో కాబట్టి అక్కడి సాగ్వారో అనే పెద్ద బ్రహ్మజెముడు చెట్లకు తెల్లటి పూలుంటాయి. రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి, అందుకే పొద్దున్నే వెళ్లమనేది. యూమా దాటాక ఇసుక దిబ్బల దగ్గర ఎగ్జిట్ తీసుకుంటే, ఇసుకలో కార్లు కూరుకుపోకుండా 1915 ప్రాంతంలో వేసిన చెక్కల రోడ్డు ముక్కలు ఇంకా కనిపిస్తాయి. ఎల్ సెంట్రో సముద్రమట్టం కన్నా దిగువ. అక్కడి నుంచి ఐ-8 సుమారు 4,000 అడుగులకు ఎక్కుతుంది. ఏసీ ఆపమని బోర్డులుంటాయి, ఆపెయ్యి. ఇంజన్ ముల్లు పైకి పోతే పక్కకు ఆపి చల్లారనివ్వు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోకు.

కారు ఎక్కడైనా ఆగిపోతే దాన్ని వదిలి నడవకు. కారు దూరం నుంచి కనిపిస్తుంది, మనిషి కనిపించదు. మ్యాప్‌లు ఫోన్‌లోకి ముందే దించుకో. ఫోటోలు సోషల్ మీడియాలో ఆ రోజు రూమ్‌కు చేరాకే పెట్టుకో. బంకులో ఎవరైనా పలకరిస్తే మావాళ్లు వెనక కారులో వస్తున్నారని చెప్పు. ఈ ఒక్క అబద్ధానికి నేను ఒప్పుకుంటాను.

రోజూ రూమ్‌కు చేరగానే నాకు మెసేజ్ పెట్టు, లాస్ క్రూసెస్‌లో ఉన్న రోజు రాత్రి ఎనిమిదికి అమ్మకు ఫోన్ చెయ్యి. అప్పటికి ఇండియాలో ఉదయం ఏడున్నర అవుతుంది, కాఫీ పెట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. మధ్యలో గంటల తరబడి సిగ్నల్ ఉండదని ఇప్పుడే చెప్పి ఉంచు.

శనివారం ఒకసారి ఇంటికి రా. టైర్లలో గాలి కారు నడపకముందు, చల్లగా ఉన్నప్పుడే చూడాలి, బాబాయి గేజీ తెస్తారు. డిక్కీ కింద మూత ఎత్తి చూద్దాం. ఈమధ్య చాలా కార్లలో స్టెపినీ ఉండటం లేదు, ఒక చిన్న పంపు, జిగురు సీసా పెట్టి ఊరుకుంటున్నారు. నీ కారూ అలాంటిదైతే బయల్దేరేలోపు స్టెపినీ కొనిపెడతాను. పులిహోర బయల్దేరే రోజు పొద్దున చేసిస్తాను, మర్నాటి దాకా ఉంటుంది.

మీ పిన్ని