అల్లుడూ, ఆ ముందు గోడకు మాత్రం వద్దు

అల్లుడూ,

దసరాకు 43 అంగుళాల టీవీ కొన్నావని, నువ్వే గోడకు బిగిస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచిదే. ఒకసారి ఆ కంపెనీ వాళ్ళను అడిగి చూడు, కొత్త టీవీకి కొన్ని కంపెనీలు తామే మనిషిని పంపి బిగిస్తాయి. నేర్చుకోవాలని ఉంటే నువ్వే చెయ్యి, అంత కష్టమైన పనేమీ కాదు. కానీ తలుపు తీయగానే ఎదురుగా కనిపించే ముందు గది గోడకు పెడతావట. దానికి నేను ఒప్పుకోను.

ఆ గది మీ తాత కట్టించింది. అది రాతి గోడ, రాళ్ళ మధ్య ఉన్నది మట్టి, పైన సున్నం. ఆ తర్వాత మీ నాన్న, అదే మా బావ, సిమెంటు గిలాబు (ప్లాస్టరింగ్) కొట్టించి రంగు వేయించాడు కాబట్టి చూడడానికి కొత్త గోడలా ఉంటుంది. లోపల మాత్రం పాతదే. డ్రిల్లు బిట్టు రాయికి తగిలితే పక్కకు జారుతుంది, రాళ్ళ సందులో పడితే మట్టిలోకి జర్రున దిగిపోతుంది. నాలుగు స్క్రూల్లో రెండు రాయిలో, రెండు మట్టిలో పడ్డాయనుకో, మొదటి రోజు గట్టిగానే అనిపిస్తుంది. మట్టిలో ఉన్నవి రోజులు గడిచేకొద్దీ వదులవుతాయి, అప్పుడు బరువంతా మిగిలిన రెండింటి మీద పడుతుంది. మన నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో ఇలాంటి గోడలు ఇంకా చాలానే ఉన్నాయి, పైన సిమెంటు చూసి మోసపోవద్దు. తాత ఫోటో ఇన్నేళ్ళుగా ఆ గోడకే ఉంది కదా అంటావేమో. ఫోటో అరకిలో కూడా ఉండదు, టీవీ ఏడెనిమిది కిలోలు, పైగా బ్రాకెట్టు. ఆ గదిలోనే చూడాలని పట్టుదల ఉంటే డబ్బాలో వచ్చిన కాళ్ళు బిగించి బల్ల మీద పెట్టుకో, అందులో చిన్నతనం ఏమీ లేదు.

గోడకే కావాలంటే నడిమింటికి, వంటగదికి మధ్య బావ కట్టించిన గోడ ఉంది చూడు, అది ఎర్ర ఇటుక గోడ. నాలుగున్నర అంగుళాలదే అయినా ఈ టీవీ బరువుకు చాలు. అయితే దానికి రెండు చిక్కులున్నాయి. అవతల వైపు వంటగది సింకు ఉంది. కుళాయికి వచ్చే పైపు ఆ గోడలోనే దాచి ఉంటుంది కాబట్టి వంటగదిలోకి వెళ్ళి కుళాయి ఎక్కడుందో టేపుతో కొలిచి, ఇవతల గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. కుళాయికి నిటారుగా పైన, కింద, రెండు పక్కలా జానెడు మేర డ్రిల్లు పెట్టొద్దు. పైపు అడ్డంగా ఎటు పోయిందో బావకు గుర్తుంటుంది, లేకపోతే ఆ పని చేసిన ప్లంబర్‌కు ఫోన్ చేయించు.

రెండోది కరెంటు. మన ఇళ్ళలో వైర్ల పైపు సాధారణంగా స్లాబ్ నుంచి గోడలో నిటారుగా కిందికి దిగి స్విచ్ బోర్డుకు వస్తుంది, కొన్నిచోట్ల ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు అడ్డంగా కూడా పోతుంది. కాబట్టి బోర్డుకు సరిగ్గా పైన, కింద, రెండు బోర్డులను కలిపే గీత మీద ఎప్పుడూ రంధ్రం వెయ్యకూడదు. గోడలో లోతుగా ఉన్న వైరును చేతి టెస్టర్ పట్టిస్తుందని నమ్మకు. రంధ్రం వేసేముందు ఆ గోడకు రెండు వైపులా ఉన్న గదుల ఎంసీబీలు (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే మీటలు) కిందికి దించి, బోర్డుల్లో లైటు, ఫ్యాను, ప్లగ్గు అన్నీ వేసి చూడు, నిజంగా కరెంటు పోయిందో లేదో తెలుస్తుంది. డ్రిల్లుకు కరెంటు వేరే గది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో తెచ్చుకో.

ఇక ఎత్తు. తప్పు ఎక్కువగా ఇక్కడే చేస్తారు. పిల్లల చెయ్యి అందకూడదని తలుపు ఎత్తులో, ఫ్యాను కింద వేలాడదీస్తారు. హోటల్లో పది నిమిషాలు చూడడానికి అది సరిపోతుంది, ఇంట్లో రెండు గంటలు తల ఎత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి దాదాపు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి టీవీ మధ్య భాగం అక్కడికి రావాలని లెక్క చెబుతారు. మరి మీ ఇంట్లో సోఫాలో ఎవరు కూర్చుంటారు? నాయనమ్మ మంచం మీద ఒరుగుతుంది. రాత్రి అన్నం అందరూ కిందే కూర్చుని తింటారు, టీవీ చూసేది కూడా అప్పుడే. కింద కూర్చుంటే కన్ను రెండున్నర అడుగుల ఎత్తులోనే ఉంటుంది. అందుకని నేనైతే టీవీ మధ్య భాగాన్ని ఆ మూడున్నర అడుగులకు మించనివ్వను, నేల నుంచి 105 సెంటీమీటర్ల దగ్గర పెడతాను. 43 అంగుళాల టీవీ ఎత్తు 56 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే దాని కింది అంచు నేల నుంచి 77 దగ్గరికి వస్తుంది. పిల్లల చేతికి అందుతుంది, నిజమే. పిల్లలకు చెప్పుకోవాలి గానీ అందరి మెడలు వంచలేం కదా.

ఒక పని చెయ్యి. పాత పేపర్లు అతికించి సరిగ్గా టీవీ కొలతకు కత్తిరించి, గోడకు టేపుతో అంటించు. రెండు రోజులు అలాగే ఉండనివ్వు. నాయనమ్మను పడుకుని చూడమను, మీ అమ్మను కింద కూర్చుని చూడమను. సాయంత్రం పడమటి కిటికీ ఎండ ఆ కాగితం మీద పడుతుందేమో కూడా అప్పుడే తేలుతుంది. పడితే పరదా వేసుకోవాలి, లేదా కాగితాన్ని పక్కకు జరపాలి. కాగితాన్ని జరపడానికి ఖర్చు లేదు.

బ్రాకెట్టు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గోడకు అతుక్కుని ఉండేదో, కాస్త కిందికి వంగేదో తీసుకో. ముందుకు గుంజి అటూ ఇటూ తిప్పే చెయ్యి ఉన్నది వద్దు. నిండు బకెట్టు ఒంటికి ఆనించి పట్టుకోవడం వేరు, చెయ్యి చాపి పట్టుకోవడం వేరు. ఆ చెయ్యి బయటికి లాగినప్పుడల్లా పై స్క్రూలను గోడలోంచి పీకుతున్నట్టే, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు ఆ పరీక్ష ఎందుకు? కొనేముందు టీవీ వెనక నాలుగు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలుచుకో. దాన్ని వెసా కొలత అంటారు. ఈ సైజు టీవీల్లో చాలావాటికి అడ్డం 200, నిలువు 200 మిల్లీమీటర్లు ఉంటుంది, కొన్నింటికి వేరేగా ఉంటుంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఏ దుకాణానికి పోయినా ఆ కొలత, టీవీ బరువు రెండూ చెప్పి అడుగు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. టీవీ మధ్య భాగం 105లో ఉండాలని రైలును, అంటే గోడకు బిగించే బ్రాకెట్టు అడ్డ పట్టీని, కూడా 105లో బిగిస్తే టీవీ ఎక్కడికో పోతుంది. ముందు టీవీ కింది అంచు నుంచి వెనక పై రంధ్రం దాకా కొలువు. ఉదాహరణకు 35 సెంటీమీటర్లు వచ్చిందనుకో. తర్వాత టీవీకి బిగించే నిలువు పట్టీ తీసుకుని, ఆ రంధ్రం నుంచి పట్టీ కొక్కెం లోపలి అంచు దాకా కొలువు. అది 3 వచ్చిందనుకో. 77, 35, 3 కలిపితే 115. గోడ మీద రైలు పై అంచు రావాల్సింది అక్కడ. ఇవి నేను ఊహించి వేసిన అంకెలు, నీ టీవీకి నువ్వే కొలుచుకోవాలి. ఈ మూడు కొలతలు కాగితం మీద రాసుకోకుండా డ్రిల్లు ముట్టుకోకు.

డ్రిల్లు హ్యామర్ ఉన్నదే, అంటే తిరుగుతూనే సుత్తిలా కొట్టేదే కావాలి. కొనకు, ఎలక్ట్రీషియన్ దగ్గరో హార్డ్‌వేర్ దుకాణంలోనో ఒక పూటకు అడిగి తెచ్చుకో. పెరట్లో పడి ఉన్న ఇటుకల్లో ఒకదాన్ని గోడకు ఆనించి ముందు దాని మీద నాలుగు రంధ్రాలు వేసి చెయ్యి అలవాటు చేసుకో. కళ్ళకు అద్దాలు పెట్టుకో, బండి మీద పెట్టుకునేవైనా పర్వాలేదు. బిట్టు, ప్లాస్టిక్ గిట్టీ (స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో దించేది) ఒకే నంబరువి ఉండాలి, 8 మిల్లీమీటర్ల గిట్టీకి 8 బిట్టు. బ్రాకెట్టుతో వచ్చే గిట్టీలు మెత్తగా ఉంటే పక్కన పడేసి మంచి నైలాన్‌వి తీసుకో. దుకాణదారు ఇనుప యాంకర్ బోల్టులు చూపించి ఇవి ఇంకా గట్టివంటాడు. కాంక్రీటుకైతే నిజమే. ఇటుకలో మాత్రం అవి విచ్చుకునేటప్పుడు ఇటుకనే చీల్చేస్తాయి. మా కాలంలో చెక్క గిట్టీలు చెక్కి కొట్టేవాళ్ళం. చెక్క ఎండి కుంచించుకుపోతే స్క్రూ ఊడి చేతికొచ్చేది. ఆ పద్ధతి ఎవరైనా చెప్తే వినకు.

రైలుకు కనీసం నాలుగు స్క్రూలు పెట్టాలి, కానీ నాలుగు రంధ్రాలూ ఒకేసారి గుర్తు పెట్టకు. ముందు ఒకటి వెయ్యి. గుర్తు మీద మేకుతో చిన్న గుంట చేస్తే బిట్టు జారదు. గిలాబు దాటేదాకా హ్యామర్ ఆపి మెల్లగా తిప్పు, తర్వాత హ్యామర్ వేసుకో. 50 మిల్లీమీటర్ల గిట్టీ అయితే బిట్టు కొన నుంచి 65 దగ్గర టేపు చుట్టు, అక్కడికి రాగానే ఆపాలి. ఇంకా లోపలికి పోతే వంటగది వైపు గిలాబు పెచ్చు ఊడిపడుతుంది, ఆ తర్వాత మీ అమ్మకు నువ్వే జవాబు చెప్పుకోవాలి.

రాలే పొడిని చూడు. మొదట బూడిద రంగులో వచ్చేది గిలాబు. తర్వాత ఎర్రగా మారితే ఇటుక దొరికినట్టు, హాయిగా ముందుకు పో. బూడిద రంగే వస్తూ బిట్టు కష్టంగా దిగుతుంటే అక్కడ కాంక్రీటు పిల్లరు ఉంది. అది గట్టిదే, కానీ ఇనుప చువ్వ తగిలినట్టు టంగుమంటే ఆపి చోటు మార్చు. గిలాబు దాటాక కూడా బూడిద రంగు పొడే వస్తూ బిట్టు సులభంగా దిగిపోతుంటే ఇటుకకు ఇటుకకు మధ్య సందులో పడ్డావు, అక్కడ గిట్టీ సరిగా పట్టదు. రైలుకు పొడుగాటి రంధ్రాలు చాలా ఉంటాయి, కాస్త పక్కకు జరుపుకోవచ్చు. ఉన్నట్టుండి బిట్టు ఖాళీలోకి పడిపోతే మాత్రం ఆపేసి నాకు ఫోన్ చెయ్యి.

పొడిని నోటితో ఊదకు, కళ్ళలో పడుతుంది. సైకిల్ పంపుతో కొట్టు. గిట్టీ చిన్న సుత్తి దెబ్బలకు దిగాలి. బొటనవేలితో నొక్కితేనే దిగిపోతే రంధ్రం పెద్దదైనట్టు, అక్కడ 10 నంబరు గిట్టీ వేసుకోవాలి. ఇంకొక విషయం చాలామంది పట్టించుకోరు: గిట్టీ పూర్తిగా ఇటుకలో కూర్చోవాలి. గోడ అంచుతో సమానంగా వదిలేస్తే దానిలో కొంత గిలాబులోనే ఉండిపోతుంది, గిలాబుకు బరువు మోసే బలం లేదు. మేకుతో ఇంకాస్త లోపలికి తొయ్యి, అంత పొడవున్న స్క్రూ వాడు.

మొదటి స్క్రూ వదులుగా బిగించి, రైలు మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకు వచ్చాక మిగిలిన రంధ్రాలు గుర్తు పెట్టు. ఫోన్‌లో యాప్ ఉందంటావు. ఫోన్ వెనక కెమెరా ఉబ్బెత్తుగా ఉంటుంది, ఆ వైపు ఆనిస్తే కొలత తప్పుతుంది. మేస్త్రిని అడిగితే రసమట్టం ఒక గంట ఇవ్వడా? అన్నీ బిగించాక రైలును రెండు చేతులతో పట్టుకుని గట్టిగా కిందికి గుంజు. వెంట్రుకంత కదిలినా టీవీ ఎక్కించకు.

టీవీని పట్టీలు బిగించడానికి నాయనమ్మ నవారు మంచం మీద మాత్రం బోర్లా పడుకోబెట్టకు. మంచం మధ్యలో కుంగుతుంది, స్క్రీన్ వంగి పగులుతుంది. పెద్ద చదునైన బల్ల మీద దుప్పటి పరిచి పెట్టు, పైన చెయ్యి బలంగా ఆనించకు. స్క్రూలు చేత్తోనే తిప్పాలి, డ్రిల్లుతో కాదు. నాలుగైదు చుట్లు హాయిగా తిరిగి ఆగితే సరైన స్క్రూ. పొడుగైతే లోపలి బోర్డుకు తగులుతుంది. కాబట్టి ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలవంతం చెయ్యకుండా తీసేసి, డబ్బాలో ఇచ్చిన వాషర్లు, బుషులు వేసి మళ్ళీ చూడు.

వైర్లన్నీ ఎక్కించకముందే టీవీకి పెట్టెయ్యి, గోడకు అతుక్కున్నాక వెనకాల చెయ్యి దూరదు. కరెంటు వైరును గిలాబులో పూడ్చకు, గోడ మీద ప్లాస్టిక్ కేసింగు పట్టీలో దించు. ఎక్కించేటప్పుడు ఇద్దరు ఉండాలి, బావను ఒక పక్క పట్టుకోమను. పై కొక్కేలు రెండూ రైలు మీద కూర్చున్నాయో లేదో పక్క నుంచి టార్చి వేసి చూసి, కింది లాకు స్క్రూలు బిగించాకే చేతులు వదలండి. ఉరుములు, మెరుపులు వచ్చినప్పుడు స్విచ్ కట్టేస్తే సరిపోదు, ప్లగ్గూ డిష్ వైరూ రెండూ పీకెయ్యాలని ఇంట్లో అందరికీ చెప్పు.

కాగితం అంటించాక ఒక ఫోటో పంపు. స్విచ్ బోర్డు, పైకప్పు, నువ్వు గీసిన పైపు గుర్తులు అన్నీ అందులో కనబడాలి. నేను చూసి సరేనన్నాకే ఎంసీబీలు దించు.

నీ మామ,
నల్లగొండ