యూరిన్‌లో కంటికి కనపడని రక్తం: ముందు ఏం చూడాలి

మూత్రం రంగు మామూలుగానే ఉంది, నొప్పీ మంటా లేవు, అయినా రిపోర్టులో రక్తం అని వచ్చిందని టెన్షన్ పడుతున్నారు కదా, ముందు అది స్ట్రిప్ టెస్టా (రంగు మారే పట్టీని మూత్రంలో ముంచి చూసేది), మైక్రోస్కోప్ కింద చూసిందా కనుక్కోండి. కండరాలు బాగా దెబ్బతిన్నప్పుడు వచ్చే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్‌కి కూడా స్ట్రిప్ రంగు మారుతుంది, అందుకే దాన్నొక్కదాన్నే నమ్మలేం. మైక్రోస్కోప్‌లో ఒక ఫీల్డ్‌కి (ఒకసారికి కనిపించే భాగానికి) 3 లేదా అంతకంటే ఎక్కువ ఎర్ర కణాలుంటేనే లెక్క.

ఇన్ఫెక్షన్, రాళ్లు, మగవాళ్లలో ప్రొస్టేట్ వాపు, ముందురోజు విపరీతంగా పరుగెత్తడం, ఆడవాళ్లలో నెలసరి రక్తం కలవడం, ఇవి తరచుగా కనిపించే కారణాలు. ఇన్ఫెక్షన్ ఉంటే మందులు వాడాక మళ్లీ టెస్ట్ చేయించాలి, చాలామంది వదిలేసేది అదే.

అదే రిపోర్టులో ప్రొటీన్ కూడా ఉందా? కణాల ఆకారం వంకరటింకరగా ఉందని రాశారా? బీపీ ఎక్కువుందా? అయితే కిడ్నీ ఫిల్టర్లలోనే సమస్య ఉండొచ్చు (ఐజీఏ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బు లాంటిది), నెఫ్రాలజిస్ట్‌ని (కిడ్నీ డాక్టర్‌ని) కలవండి. సిగరెట్ అలవాటుండి వయసు పైబడితే మాత్రం నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, మూత్రాశయ క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పి లేకుండానే ఉంటుంది, యూరాలజిస్ట్ స్కాన్, సిస్టోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూడడం) చేయాలంటే చేయించుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా సరే, తప్పంతా వాటిమీదకి నెట్టేయకండి.