వింటి బద్దలో పేడు లేస్తే జిగురొక్కటే చాలదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి మండలం. కొండ మీది సవర పల్లెలో ఒక పెద్దాయన చేసి ఇచ్చిన వెదురు విల్లు పదేళ్లుగా మా ఇంట్లో ఉంది. మొన్న వానలు వెలిశాక బడి పిల్లలకు గురి నేర్పుదామని నారి ఎక్కించి లాగితే పై బద్ద చిటుక్కుమంది. పిడికి జానెడు పైన, కణుపు పక్కన, బయటి వైపు రెండంగుళాల పేడు లేచింది. సరిగ్గా అదే చోట లోపలి వైపు వెంట్రుకల్లాంటి అడ్డగీతలు కనిపిస్తున్నాయి. ఫెవిక్విక్ పోసి దారం చుడితే సరిపోతుందా?

జవాబు: మీరు అడ్డగీతల సంగతి కూడా రాయడం మంచిదయింది. లేకుంటే నేనూ జిగురు, దారం అని చెప్పి ఊరుకునేవాణ్ణి. విల్లు వంగినప్పుడు బయటి ముఖం సాగుతుంది, మన వైపున్న లోపలి ముఖం నొక్కుకుపోతుంది. సాగలేని నార తెగి పేడుగా లేస్తుంది. నొక్కుడుకు ఆగలేని నార నలిగి అడ్డంగా ముడత పడుతుంది. ఈ రెండూ ఒకే చోట కనిపించాయంటే, బద్ద మొత్తం పంచుకోవలసిన వంపును ఆ కాస్త మేరే మోచేయిలా మోస్తోందన్నమాట. జిగురు పేడును అతికిస్తుంది గాని ఆ వంపును తగ్గించదు.

ముందు నారి దించి, ఉదయపు ఏటవాలు ఎండలో బద్దను పరీక్షించండి. బయటి ముఖం మీద దూదిపింజను పిడి నుంచి కొప్పు (నారి తగిలించే బద్ద కొస) దాకా, తిరిగి కొప్పు నుంచి పిడి దాకా మెల్లగా లాగితే, కంటికి ఆనని పేడు ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది. లోపలి వైపు గోటిని నిలువునా నడిపించి, అది ఆగిన ప్రతిచోటా పెన్సిలు గుర్తు పెట్టండి. నార వెంట నిలువుగా పోయే సన్నని నెర్రె, అంచు దాకా పాకనంతవరకు, పెద్ద ప్రమాదం కాదు. అడ్డగీత అలా కాదు. నలిగిన నారకు తిరిగి బలం రాదు.

వానాకాలమంతా ఇంట్లో ఉన్న వెదురు చెమ్మ పీల్చుకుని ఉంటుంది, చెమ్మ వెదురు తేలిగ్గా నలుగుతుంది. కాబట్టి గాలి ఆడే నీడలో వేలాడదీసి, వారానికోసారి కాటాలో తూచి, బరువు తగ్గడం ఆగాకే పనికి దిగండి.

పేడును పైకి లాగకుండా, సన్నని కాగితపు ముక్కతో దాని అడుగుకు అరాల్డైట్ జిగురు చేర్చండి. ఫెవిక్విక్ సన్నని నెర్రెలోకి బాగా పాకుతుంది గాని ఆరాక పెళుసు, అందుకే లేచిన పేడుకు నేను వాడను. పైన పాలిథిన్ ముక్క వేసి, సైకిల్ ట్యూబును పట్టీగా కోసి బిగించి చుట్టి, ఒక రోజంతా కదపవద్దు. తర్వాత పొంగిన జిగురును మాత్రమే గీకండి. వెదురు బలమంతా బయటి చర్మం కింది దట్టమైన నారలోనే ఉంది గనక చర్మాన్ని గాని కణుపును గాని నున్న చేయకూడదు. చివరగా పేడుకు రెండు వైపులా అంగుళం దాటేదాకా, వరస పక్కన వరస పడేలా దారం చుట్టి జిగురు పట్టించండి. పట్టుదారం మేలు, మన పొందూరు నూలు చీరకు ఎంత గొప్పదైనా, ఇక్కడ నాలుగైదు పోగులు కలిపి పేనితే గాని పనికిరాదు.

ఇక అసలు పని, వంపును బద్ద మొత్తానికీ పంచడం. పిడిని గోడకు బిగించిన కొయ్య మీద ఆనించి, నారికి తాడు కట్టి, కింద బావి గిలక గుండా తాడు పోనిచ్చి, నాలుగడుగుల దూరంలో పక్కకు నిలబడి కొద్ది కొద్దిగా లాగుతూ వంపును చూడండి. బిరుసుగా నిలిచిన భాగాలను గుర్తించి, లోపలి వైపు నుంచే గాజుపెంకుతో పది పదిహేను సార్లు పలచగా గీకి, ముప్పై సార్లు కొద్దిగా వంచి వదిలి, మళ్లీ చూడండి. నలిగిన చోటును మాత్రం ముట్టుకోవద్దు. తొందర ఇక్కడే కొంప ముంచుతుంది, ఎందుకంటే బిరుసు మందం ఘనాన్ని (మందాన్ని మూడుసార్లు గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది: మందంలో పదో వంతు తీస్తే ఆ చోటి బిరుసు దాదాపు 27 శాతం పడిపోతుంది. పని పూర్తయ్యేసరికి విల్లు మునుపటికన్నా మెత్తబడుతుంది. పిల్లల గురికి అది నష్టమేమీ కాదు. పూర్తిగా లాగడం మాత్రం ఇక మానుకోండి. అడ్డగీతలు మళ్లీ పెరిగినా, పేడు బద్ద వెడల్పులో మూడో వంతు దాటినా నారి దించేసి గోడకు తగిలించడమే మేలు.

ప్రశ్న: అటక మీది వెదురు విల్లు కింద పిండిలాంటి పొడి రాలుతోంది. జిగురుతో నింపవచ్చా? (శృంగవరపుకోట, విజయనగరం జిల్లా)

జవాబు: అది పుచ్చు. వెదురులోని పిండిపదార్థం కోసం పురుగు లోపల దారులు తొలుస్తుంది. మీకు కనిపించే సూదిబెజ్జాలు అది బయటికి వచ్చిన ద్వారాలు మాత్రమే, లోపలి డొల్ల వాటికన్నా చాలా పెద్దది. జిగురు ఆ లోతుకు పోదు. ఆ విల్లుకు నారి ఎక్కించవద్దు, మిగిలిన వెదురు సామానుకు దూరంగా పెట్టండి. కొత్తది చేయించేటప్పుడు, కొట్టిన వెదురును కొన్ని వారాలు పారే నీటిలో నానబెట్టి, నీడన ఆరబెట్టాకే చీల్చమని చేసేవారిని అడగండి.