ఇంజన్ ఆపాక తెరిచే పుస్తకం

ప్రశ్న: బైక్ ప్రయాణాలన్నా, పుస్తకాలన్నా నాకు ప్రాణం. ప్రతి ట్రిప్‌కీ మూడు నాలుగు పుస్తకాలు సర్దుకుంటాను. ఒక్క పేజీ తిప్పకుండానే వెనక్కి తెస్తాను. ఇంట్లో రోజూ చదివే మనిషిని, అక్కడ ఎందుకు చదవలేకపోతున్నాను?

జవాబు: మీకు చదువు మీద ఇష్టం తగ్గలేదు. సాయంత్రానికి ఓపిక మిగలడం లేదు, అంతే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మనం సెకనుకు 22 మీటర్లు దాటిపోతాం. గుంతలు, ఇసుక, పక్క సందులోంచి దూసుకొచ్చే బండి, అన్నిటినీ కళ్లు వెతుక్కుంటూనే ఉండాలి. పైగా హెల్మెట్‌లో గాలి హోరు. హైవే వేగంలో అది 90 డెసిబెల్స్ దాటిపోతుంది. ఆరేడు గంటలు ఆ హోరులో ఉండి దిగిన మనిషికి బుర్రలోకి ఏదీ ఎక్కదు. ఈ సంగతి తెలియక చాలా ఏళ్లు నేను దిగీ దిగగానే పుస్తకం తెరిచి, ఒకే వాక్యం ఐదుసార్లు చదివి దిగులుపడేవాణ్ణి. మెత్తటి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవడం మొదలుపెట్టాక సాయంత్రాలు తేలికపడ్డాయి. వాటితో కూడా హారన్ వినబడుతుంది. మీ దగ్గర వాటికి అనుమతి ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

దూరం కూడా తగ్గించండి. రోజుకు 400 కిలోమీటర్లు అనుకున్న చోట 250 చాలు. వెలుతురు ఉండగానే ఆగండి. ఇంజన్ ఆపి హెల్మెట్ తీశాక, సైలెన్సర్ చల్లారుతూ టిక్ టిక్‌మంటుంది. మొదట గబగబా, తర్వాత ఆగి ఆగి. హ్యాండిల్ వణుకు వేళ్లలో ఇంకా జుమ్మంటూనే ఉంటుంది. ఆ చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా నేను బండి పక్కనే కూర్చుని నీళ్లు తాగుతాను. అప్పుడు తీస్తాను పుస్తకం.

అదీ ఒక్కటే. పలచనిది, ఇంతకుముందు చదివిందే అయితే మరీ మంచిది. 1968లో అమెరికన్ రచయిత రాబర్ట్ పిర్సిగ్ కొడుకుని వెనక కూర్చోబెట్టుకుని అమెరికాలో బైక్ ప్రయాణం చేశాడు. ఆ ప్రయాణం ఆధారంగా 1974లో ఆయన తెచ్చిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' అనే పుస్తకంలో, వాళ్ల సామానులో, అడవిలో ఒంటరిగా గడిపిన రోజుల గురించి థోరో రాసిన 'వాల్డెన్' కూడా ఉంటుంది. తండ్రి ఒకటి రెండు వాక్యాలు చదువుతాడు, పిల్లవాడి ప్రశ్నలకు జవాబులు చెబుతాడు, మళ్లీ ఇంకో రెండు వాక్యాలు. ప్రయాణంలో చదువు అలా సాగితేనే నాకు హాయి. రాత్రికి రెండు పేజీలయినా తక్కువేం కాదు.

ప్రశ్న: బండి నడుపుతూ హెల్మెట్‌లో ఆడియో పుస్తకం వినొచ్చా?

జవాబు: వద్దండీ. మంచి కథ మనసుని తన లోపలికి లాక్కుంటుంది. అలా లాక్కోగలగడమే దాని గొప్పతనం. బండి మీద ఉన్నప్పుడు మనసు రోడ్డు మీదే ఉండాలి. ఆగినప్పుడు వినండి.

ప్రశ్న: బ్యాగులోకి వాన నీళ్లు దిగి, మా నాన్నగారు ఇచ్చిన పుస్తకం తడిసి ముద్దయింది. ఇంకోసారి ఇలా జరిగితే ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే ప్రాణం ఉసూరుమంది. తడి పేజీలను బలవంతంగా విడదీయకండి, చిరిగిపోతాయి. ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ పట్టినా కాగితం వంకర్లు తిరుగుతుంది. పొడి తువ్వాలు మీద పడుకోబెట్టి, పది ఇరవై పేజీలకొకటి చొప్పున తెల్లటి టిష్యూ పెట్టండి. అవి తడవగానే మార్చండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. తడి కాస్త తగ్గాక పుస్తకాన్ని నిలబెట్టి, పేజీలు విసనకర్రలా కొంచెం విప్పి, గాలి ఆడే గదిలో ఉంచండి. పూర్తిగా ఆరాక పైన బరువు పెడితే అట్టలు చదునవుతాయి.

సుమారు 48 గంటల్లో బూజు మొదలవుతుంది. అంతలోపు ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టేయండి. బూజు ఆగుతుంది, తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. ఇకముందు, బ్యాగు మీద వాటర్‌ప్రూఫ్ అని రాసున్నా నమ్మకండి. కుట్ల దగ్గర నీళ్లు దిగుతాయి. పుస్తకానికి విడిగా జిప్ కవర్ ఉండాల్సిందే.

ప్రశ్న: బండి మీద వెళ్తుంటే ఎన్నెన్నో ఆలోచనలు వస్తాయి. ఆగేసరికి ఒక్కటీ గుర్తుండదు. రాసుకోవడం ఎలా?

జవాబు: అన్నీ రాయక్కర్లేదు. గట్టిగా తగిలినదాని కోసం మాత్రం రోడ్డు పక్కన సురక్షితమైన చోటు చూసి ఆగండి. మూడు మాటలు చాలు. నా నోట్‌బుక్‌లో ఒకచోట 'అమ్మ, కళ్లజోడు, దారం' అని ఉంది. కాడ విరిగితే అమ్మ దారం కట్టుకుని నెలల తరబడి చదువుకుంది. రోజూ ఎదురుగా కూర్చునే నాకు అది పట్టలేదు. ఎవరూ లేని తిన్నని రోడ్డు మీద ఉన్నట్టుండి ఆ దారం ముడి కళ్లకు కట్టింది. బండి ఆపేశాను. తిరిగొచ్చిన మర్నాడే ఫ్రేమ్ మార్పించాను.

పెన్ను కాకుండా పెన్సిల్ పెట్టుకోండి. చెమట చేతులతో పట్టుకున్నా అక్షరాలు అలుక్కుపోవు. జాకెట్ పైజేబులో ఉంచుకుంటే బ్యాగు విప్పే పని ఉండదు.