అమ్మడూ, క్యూ కట్టే ముందు ఇది చదువు

విజయనగరం

అమ్మడూ,

పలాస జీడిపప్పు వ్యాపారుల బిల్లింగ్ యాప్‌లో సేవ్ కొట్టగానే పీడీఎఫ్ తయారీ, ఎస్సెమ్మెస్ పంపడం రెండూ అక్కడికక్కడే జరుగుతున్నాయనీ, సాయంత్రం రద్దీలో స్క్రీన్ తిరుగుతూనే ఉంటోందనీ రాశావు. ఆ పనుల్ని (టాస్కుల్ని) గూగుల్ క్లౌడ్ టాస్క్స్ క్యూలోకి, అంటే వరసలో నిలబడి వెనకాల జరిగే చోటుకి నెట్టి, ఆ క్యూని టెర్రాఫామ్‌తో (క్లౌడ్ ఏర్పాట్లను కోడ్‌గా రాసి కట్టే పనిముట్టు) కట్టాలన్న ఆలోచన మంచిదే. కట్టడానికి పదిహేను లైన్లు చాలు. తలనొప్పంతా అందులో వేసే అంకెల దగ్గరే.

ముందు స్టేట్ ఫైలు, అంటే ఏమేం కట్టిందో టెర్రాఫామ్ రాసుకునే చిట్టా. దాన్ని ల్యాప్‌టాప్‌లో ఉంచకు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది కదా, ఇంట్లో ఉన్న డబ్బాను నమ్ముకోవద్దని నీకు వేరే చెప్పాలా? గూగుల్ క్లౌడ్ స్టోరేజీ బకెట్‌ను బ్యాకెండ్‌గా (ఆ చిట్టా ఉండే చోటుగా) పెట్టి వెర్షనింగ్ (పాత ప్రతులు దాచడం) ఆన్ చెయ్యి. ఇద్దరు ఒకేసారి అప్లై (మార్పుల్ని అమలు చేసే ఆదేశం) కొడితే లాక్ దానంతటదే పడుతుంది.

క్యూ పేరులో అండర్‌స్కోర్ చెల్లదు, హైఫన్ వాడు. లొకేషన్ ముంబై, అంటే ఆసియా-సౌత్1. పేరు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించి పెట్టు. తరవాత మారిస్తే టెర్రాఫామ్ పాత క్యూని చెరిపేసి కొత్తది కడుతుంది, లోపలున్న టాస్కులన్నీ దాంతోపాటే పోతాయి. పోనీ పాత పేరే మళ్లీ పెడదామంటే కొన్ని రోజుల దాకా ఒప్పుకోదు. అందుకే లైఫ్‌సైకిల్ బ్లాకులో ప్రివెంట్ డిస్ట్రాయ్ (చెరపకుండా ఆపే మాట) తప్పకుండా రాయి. ఏం మారబోతోందో టెర్రాఫామ్ ముందే చూపే ప్లాన్‌లో ‘రీప్లేస్’ అన్న మాట కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకో.

ఇక వేగం. ఏమీ రాయకపోతే సెకనుకు 500 టాస్కులు, ఒకేసారి 1000 దాకా వదులుతుంది. గొట్టా బ్యారేజీలో ఎన్ని నీళ్లున్నా కాలవ మోసినంతే కదా వదులుతారు. మీ ఎస్సెమ్మెస్ గేట్‌వే (ఎస్సెమ్మెస్‌లు పంపిపెట్టే సేవ) సెకనుకు 10 తీసుకుంటే, క్యూకి 5 పెట్టు, ఒకేసారి నడిచేవి కూడా 5 పెట్టు. 3000 బిల్లులు పడితే పది నిమిషాలకు పైనే పడుతుంది, పడనీ. మళ్లీ ప్రయత్నించినవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి, అందుకే సగం ఖాళీ ఉంచమంటున్నాను.

రీట్రై, అంటే విఫలమైన టాస్కును మళ్లీ పంపడం దగ్గర కాస్త నిదానించు. మిన్ బ్యాకాఫ్ (మొదటి ఎడం) 15 సెకన్లు, మ్యాక్స్ బ్యాకాఫ్ (అన్నిటికన్నా పెద్ద ఎడం) 600, మ్యాక్స్ డబ్లింగ్స్ (ఎడం ఎన్నిసార్లు రెట్టింపవ్వాలో) 4 అనుకో. విఫలమైన టాస్కు 15, 30, 60, 120, 240 సెకన్ల ఎడంతో మళ్లీ వస్తుంది. అక్కడితో రెట్టింపులు నాలుగూ అయిపోయాయి కాబట్టి ఆపైన 240 చొప్పున కలుస్తుంది: 480, ఆ తరవాత ఎప్పుడూ 600. మ్యాక్స్ అటెంప్ట్స్ (మొదటిదాంతో కలిపి మొత్తం ప్రయత్నాలు) 8 పెడితే మొత్తం 26 నిమిషాల లోపే ఆశ వదిలేస్తుంది. గేట్‌వే గంటసేపు పడుకుంటే ఆ బిల్లులన్నీ గల్లంతే. 20 పెడితే రెండు గంటల ఇరవై నిమిషాలు దాటి ఓపిక పడుతుంది. నేనైతే 20 అంటాను. మ్యాక్స్ రీట్రై డ్యూరేషన్ (ఎంతసేపు ప్రయత్నించాలన్న హద్దు) జోలికి పోకు. అది కూడా ఇస్తే రెండు హద్దులూ దాటాకే ఆగుతుంది, ఏదో ఒకటి దాటగానే ఆగిపోతుందని చాలామంది పొరబడతారు. ఇంకోటి, సమయాలన్నీ సెకన్లలోనే, అంకె పక్కన ‘ఎస్’ అక్షరంతో రాయాలి. నిమిషాల్లో రాస్తే తీసుకోదు.

అనుమతులు మూడు, మూడూ కోడ్‌లోనే ఉండాలి. యాప్ సర్వీస్ అకౌంటుకు (మనిషికి బదులు ప్రోగ్రామ్ వాడే ఖాతా) క్లౌడ్ టాస్క్స్ ఎన్‌క్యూయర్, అంటే క్యూలో టాస్కు వేసే హక్కు. వర్కర్‌ను, అంటే టాస్కు అందుకుని పని చేసే క్లౌడ్ రన్ ప్రోగ్రామ్‌ను పిలిచే రెండో సర్వీస్ అకౌంటుకు క్లౌడ్ రన్ ఇన్‌వోకర్, అంటే దాన్ని పిలిచే హక్కు. అందరూ మరిచేది మూడోది: ఆ రెండో అకౌంటు మీద యాప్ అకౌంటుకు సర్వీస్ అకౌంట్ యూజర్ పాత్ర, అంటే దాని పేరు వాడుకునే హక్కు. టాస్కు వేస్తుంటేనే అనుమతి లేదని తిప్పికొడితే మొదటిదో మూడోదో లేదన్నమాట. టాస్కు పడి, వర్కర్ లాగులో 403 (అనుమతి లేదనే కోడ్) కనిపిస్తే రెండోది చూడు.

వర్కర్ జవాబుగా 200ల్లో ఏ కోడ్ ఇచ్చినా పని అయిపోయినట్టే, మిగతావన్నీ విఫలం కిందే లెక్క. పది అంకెలు లేని ఫోన్ నంబరు ఎన్నిసార్లు పంపినా పోదు కాబట్టి, దాన్ని నీ టేబుల్‌లో రాసుకుని 200 ఇచ్చెయ్యి. చచ్చిన టాస్కులు దాచే క్యూ ఇందులో లేదు. అందుకే టాస్కుతో వచ్చే రీట్రై కౌంట్ హెడర్ (ఇప్పటికి ఎన్నిసార్లు రీట్రై అయిందో చెప్పే అంకె) చూసి, చివరి ప్రయత్నంలో బిల్లు నంబరును ‘విఫలం’ టేబుల్‌లో వేసుకో.

ఒకే టాస్కు రెండుసార్లు రావచ్చు. ముఖ్యంగా డిస్పాచ్ డెడ్‌లైన్ దాటితే (వర్కర్ జవాబు కోసం క్యూ ఆగే గడువు, మామూలుగా 10 నిమిషాలు, 15 సెకన్ల నుంచి 30 నిమిషాల దాకా మార్చుకోవచ్చు) వర్కర్ ఇంకా పని చేస్తుండగానే క్యూ మళ్లీ పంపేస్తుంది. ఎస్సెమ్మెస్ కొట్టే ముందే బిల్లు నంబరు మీద యూనిక్ కీతో (ఒకే నంబరును రెండోసారి చేరనివ్వని కట్టడి) టేబుల్‌లో ఒక వరస రాయి. ఆ వరస ముందే ఉండి ‘పంపాం’ అని ఉంటే ఊరుకుని 200 ఇవ్వు. లేకపోతే ఒకే బిల్లుకు వ్యాపారి ఫోన్ రెండుసార్లు మోగుతుంది, నీ ఫోన్ నాలుగుసార్లు మోగుతుంది.

మొదటి పరీక్షకు పది బిల్లులు చాలు, అన్నిటికీ నీ నంబరే పెట్టు. వర్కర్‌ను కావాలనే 503 (విఫలం కింద లెక్కయ్యే కోడ్) ఇచ్చేలా చేసి, లాగులో ఎడాలు 15, 30, 60గా పడుతున్నాయో లేదో గడియారంతో చూసుకో.

మీ మావయ్య