రక్త క్యాన్సర్ మాత్ర: కౌంట్స్ నార్మల్ వచ్చాక రోజు విడిచి రోజు వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఆదోని. మా నాన్నగారికి 52 ఏళ్లు, పత్తి మార్కెట్‌లో హమాలీ పని చేస్తారు. రెండేళ్ల కిందట క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్ అని చెప్పి ఇమాటినిబ్ 400 మి.గ్రా. మాత్ర రోజుకొకటి రాశారు. కొన్ని నెలలకే కౌంట్స్ నార్మల్‌కు వచ్చాయి. అయితే పొద్దున లేచేసరికి కళ్ల కింద వాపు ఉంటోంది, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. అందుకని రెండు నెలలుగా రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. దానివల్ల కర్నూలుకు తిరిగే పని కూడా తగ్గింది. ఇక్కడి ఆర్‌ఎంపీ డాక్టరు వాపుకు మాత్రలు, నొప్పులకు ఇంజెక్షన్లు ఇస్తున్నారు. వంకాయ, గోంగూర, మాంసం పెట్టకూడదని బంధువులు చెబుతున్నారు. ఈ మాత్రకు పథ్యం ఏమిటి? బొప్పాయి ఆకు రసం ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మీరు అడిగింది పథ్యం గురించి. దానికి చివర్లో సమాధానం చెబుతాను. ఉత్తరం మధ్యలో మీరు మామూలుగా చెప్పి వదిలేసిన మాట, నాన్నగారు రెండు నెలలుగా రోజు విడిచి రోజు మాత్ర వేసుకుంటున్నారన్నది, నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఈ విషయం ఆయనకు చికిత్స చేస్తున్న డాక్టరుకు తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే ఈ వారంలోనే చెప్పాలి. తర్వాతి ఓపీ తేదీ వచ్చేదాకా ఆగవద్దు.

సీఎంఎల్‌లో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి స్థానం మార్చుకుని బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు ఏర్పడుతుంది. ఇలా పొట్టిగా మారిన 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో గుర్తించారు కాబట్టి దాన్ని ఫిలడెల్ఫియా క్రోమోజోము అంటారు. ఈ జన్యువు తయారుచేసే ప్రొటీను ఎముక మజ్జలోని కణాలకు ‘పెరుగు, పెరుగు’ అని రాత్రింబవళ్లు ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది. ఇమాటినిబ్ నేరుగా ఆ ప్రొటీనులోకే వెళ్లి కూర్చుని, ఆ ఆజ్ఞను ఆపుతుంది. 2001లో అమెరికాలో ఈ మందుకు అనుమతి వచ్చింది. అంతకుముందు మజ్జ మార్పిడి కుదరని రోగికి ధైర్యంగా చెప్పగలిగిన మందులు మా చేతిలో పెద్దగా ఉండేవి కావు. ఇవాళ క్రమం తప్పకుండా మాత్ర వేసుకుంటూ పనిపాటలు చేసుకుని, దాదాపు అందరిలాగే ఆయుష్షు గడుపుతున్నవారు ఎందరో ఉన్నారు. ఇక్కడ ‘క్రమం తప్పకుండా’ అన్న షరతును దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

మాత్ర వేసుకున్న తర్వాత సుమారు 18 గంటలకు రక్తంలో మందు సగానికి పడిపోతుంది. రోజూ వేసుకుంటే అది ఒక స్థాయిలో నిలబడుతుంది. రోజు విడిచి రోజు వేసుకుంటే, తర్వాతి మాత్ర వేళకు, స్థూలంగా లెక్కవేస్తే, ఆరో వంతు మాత్రమే మిగులుతుంది. ఈరోజు మడవకు మట్టి వేసి రేపు తీసేస్తే నీళ్లు ఆగవు కదా, ఇదీ అంతే. మందు తగ్గిన గంటల్లో క్యాన్సర్ కణాలు మళ్లీ విభజన చెందుతాయి. అలా విభజన చెందే కణాల్లో మందుకు లొంగని మార్పు ఉన్నది ఒక్కటి పుట్టినా, రేపు రోజూ మాత్ర వేసుకున్నా అది ఆగకపోవచ్చు.

కౌంట్స్ నార్మల్‌గా ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. మా ఓపీలో ఎక్కువగా వినిపించే మాట కూడా ఇదే. సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష రిపోర్టులో తెల్ల రక్తకణాలు నార్మల్‌కు వచ్చాయంటే జబ్బు పైకి అణిగిందని అర్థం. ఆ దశలో కూడా ఒంట్లో వందల కోట్ల లుకేమియా కణాలు మిగిలి ఉండవచ్చు. వాటిని పట్టుకునేది సీబీసీ కాదు, పీసీఆర్ పద్ధతిలో చేసే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష. మందు మొదలుపెట్టాక ప్రతి మూడు నెలలకు ఆ పరీక్ష చేయిస్తాం. ఆ జన్యువు జాడ రక్తంలో ఎంత మిగిలిందో శాతంలో చెప్పే ఆ ఫలితం మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలని లక్ష్యంగా పెట్టుకుంటాం. మీ ఉత్తరంలో ఈ పరీక్ష ప్రస్తావనే లేదు. చివరిసారి ఎప్పుడు చేయించారో ఫైలు తీసి చూడండి. మూడు నెలలు దాటి ఉంటే వెంటనే చేయించాలి. పరీక్ష ఇటీవలే చేయించి ఉన్నా, ఈ రెండు నెలల విషయం తెలిశాక మీ డాక్టరు మళ్లీ చేయించమనవచ్చు.

లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రి వైద్యులు 87 మంది సీఎంఎల్ రోగుల మందు సీసాలకు, ఎప్పుడు తెరిచారో నమోదుచేసే చిప్ ఉన్న మూతలు పెట్టి, వారు నిజంగా ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారో గమనించారు. ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. రాసిన మాత్రల్లో 90 శాతం కంటే ఎక్కువ వేసుకున్నవారిలో, ఆరేళ్లకు జబ్బు 0.1 శాతం స్థాయికి దిగే అవకాశం సుమారు 94 శాతంగా తేలింది. 90 శాతం లేదా అంతకంటే తక్కువ వేసుకున్నవారిలో అది 28 శాతమే. 80 శాతం కూడా వేసుకోనివారిలో ఒక్కరికీ ఆ స్థాయి రాలేదు. నెలకు మూడు మాత్రలు తప్పితేనే 90 శాతానికి పడిపోతాం. నాన్నగారు సగం మాత్రలే వేసుకుంటున్నారు. మిమ్మల్ని భయపెట్టాలని ఈ లెక్క చెప్పడం లేదు. రెండు నెలలంటే ఇంకా సరిదిద్దుకునే వ్యవధి ఉంది కాబట్టే చెబుతున్నాను.

ఉత్తరం మీద ఆధారపడి మోతాదు నిర్ణయించడం నాకు తగదు. సాధారణంగా ఇలాంటి సందర్భంలో సీబీసీ, కాలేయ పరీక్షలు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి, పాత మోతాదునే రోజూ మొదలుపెడతాం. మీ డాక్టరుతో కనీసం ఫోనులోనైనా మాట్లాడి మొదలుపెట్టండి. తప్పిన మాత్రలకు బదులుగా ఒకేరోజు రెండు వేసుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ఒక పూట మరిచిపోతే, అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. మరుసటి మాత్ర వేళ దగ్గరపడితే మరిచిపోయినదాన్ని వదిలేయాలి. మాత్ర వేసుకున్న కాసేపటికి వాంతి అయినా ఇంకొకటి వేయకూడదు.

ఓపీకి వెళ్లినప్పుడు నాన్నగారు ‘రోజూ వేసుకుంటున్నాను సార్’ అని చెప్పకుండా మీరు పక్కనే ఉండండి. డాక్టరు కోప్పడతారేమోనని నిజం దాచేవారు చాలామంది. పీసీఆర్ ఫలితం పెరిగి కనిపించినప్పుడు, మాత్రలు తప్పాయని తెలియకపోతే, మందు పనిచేయడం లేదని మేము భావించే ప్రమాదం ఉంది. అప్పుడు మందుకు లొంగని మార్పులను వెతికే మ్యుటేషన్ పరీక్షలు, ఇంకా ఖరీదైన డాసాటినిబ్, నిలోటినిబ్ వంటి మందుల దాకా వెళ్తాం. నిజానికి ఆ రోగికి కావలసింది రోజూ ఒక మాత్ర మాత్రమే అయి ఉండవచ్చు.

కళ్ల చుట్టూ వాపు, పిక్కలు పట్టేయడం ఈ మందుతో చాలామందికి వచ్చేవే. వాపు పొద్దున ఎక్కువగా ఉండి, పొద్దెక్కేకొద్దీ తగ్గితే సాధారణంగా కంగారుపడనక్కర్లేదు. ఉప్పు తగ్గించండి. ఊరగాయలు, అప్పడాలు, ఎండు మిరపకాయల పొడుల్లో ఉప్పు ఎంత వేస్తామో మనకు తెలియనిది కాదు. తల కింద ఇంకో దిండు పెట్టుకుని పడుకోమనండి. వారానికి ఒకసారి, ఒకే వేళకు బరువు చూసి రాసిపెట్టండి. వారంలో రెండు కిలోలకు పైగా పెరిగినా, కాళ్లు ఉబ్బినా, ఆయాసం వచ్చినా ఆస్పత్రికి రావాలి. వాపు తగ్గించే మాత్ర అవసరమైతే మేమే రాస్తాం. అయితే ఆ మాత్ర వల్ల పొటాషియం పడిపోయి పిక్కలు పట్టేయడం ఎక్కువ కావచ్చు. ఎండలో బస్తాలు మోసే మనిషికి చెమటతో నీరు, లవణాలు ఎలాగూ పోతాయి. అంటే, ఒక బాధకు ఇచ్చిన మాత్ర రెండో బాధను పెంచుతూ ఉండవచ్చు. పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం పరీక్షలు చేయించండి. పని మధ్యలో నీళ్లు బాగా తాగాలి, పడుకునే ముందు పిక్కలను సాగదీయాలి. వీటితో తగ్గకపోతే మోతాదు సర్దడానికి, మందు మార్చడానికి దారులున్నాయి. దుష్ఫలితం భరించలేనంతగా ఉంటే చెప్పడం రోగి హక్కు, దారి చూడడం మా బాధ్యత. సొంతంగా మాత్ర తగ్గించుకునే పద్ధతి మాత్రం ఆపించండి.

ఇక ఆర్‌ఎంపీ గారి ఇంజెక్షన్లు. ఆపదలో ఊళ్లో ముందుగా అందుబాటులో ఉండేది వారే, ఆ మాట కాదనను. కానీ నొప్పి ఇంజెక్షన్లలో ఎక్కువగా ఇచ్చే డైక్లోఫెనాక్ మూత్రపిండాలకు చేటు చేయగలదు, ప్లేట్‌లెట్లు తగ్గిన వేళ రక్తస్రావం తేగలదు. వాపు మాత్ర కూడా తోడైతే మూత్రపిండాల మీద భారం ఇంకా పెరుగుతుంది. క్రియాటినిన్ చూడమన్నది అందుకే. ఇమాటినిబ్‌ను శరీరం కాలేయంలోని ఒక ఎంజైము ద్వారా కరిగించుకుంటుంది. ఆ ఎంజైమును కదిలించే మందులు మన చుట్టూ చాలానే ఉన్నాయి. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఇమాటినిబ్ స్థాయిని బాగా తగ్గిస్తాయి. తామర అని మెడికల్ షాపులో చెబితే చీటీ లేకుండానే ఇచ్చేసే ఇట్రాకొనజోల్, కొన్ని జ్వరాలకు వాడే క్లారిత్రోమైసిన్ దాని స్థాయిని పెంచుతాయి. వీటిలో ఏదైనా నిజంగా అవసరమైతే ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని నిర్ణయిస్తారు. నాన్నగారి జేబులో మాత్ర పేరు, మోతాదు రాసిన చీటీ ఎప్పుడూ ఉండాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, దంతాల డాక్టరుకైనా సరే, ముందు అది చూపించాలి. ఓపీకి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా సంచిలో వేసుకుని రండి. పసర్లు, పొడులు ఉంటే అవి కూడా తెండి. ఒంటినొప్పులకని ఇచ్చే కొన్ని పొడుల్లో స్టెరాయిడ్లు కలిసి ఉంటాయి.

కర్నూలుకు తిరగడం తగ్గిందని రాశారు. ఒకరోజు పని పోతే ఆ రోజు కూలి పోతుందని నాకు తెలుసు. మీ డాక్టరును అడిగితే, జబ్బు అదుపులో ఉన్నంతకాలం రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చే వీలుండవచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమేం వర్తిస్తాయో ఆస్పత్రిలోని వైద్యమిత్రను అడగండి, జన ఔషధి కేంద్రంలోనూ కనుక్కోండి. ఇమాటినిబ్ ఒక రూపానికి పేటెంటు ఇవ్వడానికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నిరాకరించింది కాబట్టే మన దేశంలో దీని జనరిక్ మాత్రలు నిరాటంకంగా దొరుకుతున్నాయి. కంపెనీ మారితే భయం లేదు, ఓపీలో ఆ సంగతి చెబితే చాలు. డబ్బు ఇబ్బంది వల్ల మాత్రలు తగ్గించి ఉంటే అదీ దాచకుండా చెప్పండి. మాత్రలు వారం ముందే తెచ్చి పెట్టుకోవాలి. మన వేసవిలో వాటిని బండి డిక్కీలో, కిటికీ గట్టు మీద ఉంచవద్దు. ఫ్రిజ్ అక్కర్లేదు, 30 డిగ్రీలు దాటని చల్లని చోటు చాలు.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మలం నల్లగా పోయినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. పచ్చకామెర్లని పసరు పోయించి వారం తర్వాత తీసుకొస్తే కాలేయాన్ని కాపాడడం కష్టమవుతుంది. హెపటైటిస్-బి పాతది ఉన్నవారిలో ఈ మందు దాన్ని మళ్లీ రేపవచ్చు. మందు మొదలుపెట్టే ముందు ఆ పరీక్ష చేశారో లేదో ఫైలులో చూడండి. ఈ జవాబు చదివే యువతుల్లో ఎవరైనా ఇమాటినిబ్ వాడుతుంటే, గర్భం గురించి ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ మందు వాడకూడదు.

మాత్ర ఎప్పటికైనా ఆపవచ్చా అని చాలామంది అడుగుతారు. పీసీఆర్‌లో జబ్బు చాలా లోతుగా అణిగి, ఏళ్ల తరబడి అలాగే నిలిచినవారిలో కొందరికి ఆపి చూస్తాం. ఆపాక మొదట్లో నెలనెలా పరీక్ష చేస్తూనే ఉంటాం. అయినా సుమారు సగం మందిలో జబ్బు తిరగబెట్టి, మళ్లీ మాత్ర మొదలుపెట్టాల్సి వస్తుంది. నాన్నగారి విషయంలో ఇప్పుడు ఆ ఆలోచన లేదు.

చివరగా పథ్యం. వంకాయ, గోంగూర, గుడ్డు, బాగా ఉడికించిన మాంసం అన్నీ పెట్టవచ్చు. సంగటి, జొన్న రొట్టె, పప్పు మామూలుగా తిననివ్వండి. బరువు పని చేసే మనిషిని పథ్యం పేరుతో నీరసపెట్టవద్దు. ఇమాటినిబ్‌ను కడుపునిండా తిన్న తర్వాత, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకోకూడదు. నిలోటినిబ్ వాడే రోగి ఎవరైనా మీకు పరిచయమైతే ఖాళీ కడుపున వేసుకోవాలని చెబుతారు. అది ఆ మందు నియమం, దీనికి వర్తించదు. మానాల్సిన పండ్లు గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస. ఇవి పైన చెప్పిన కాలేయపు ఎంజైమును అడ్డుకుంటాయి. చీనీ (బత్తాయి) పండ్లు, ద్రాక్ష తినవచ్చు, షుగరు ఉంటే కొలత చూసుకోవాలి. బొప్పాయి పండు పెట్టండి. ఆకు రసం మాత్రం వద్దు, సీఎంఎల్‌కు దానితో మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. ప్లేట్‌లెట్లు తగ్గాయని ఎవరైనా చెబితే, సీబీసీ రిపోర్టు తీసుకుని మీ డాక్టరు దగ్గరికే వెళ్లండి.