సమాధానం: కల్టివేటర్ నట్లు స్ప్రే కొట్టినా ఊడట్లేదంటే

మీ ట్రాక్టర్ కల్టివేటర్ నట్లు చిలుము పట్టి, స్ప్రే కొట్టినా కదలట్లేదని అడిగారు కదా, నూనె మర (బోల్టు మీది చుట్లు) దాకా దిగలేదన్నా. నర్సంపేట వైపు దమ్ములో (నీళ్లు పెట్టిన వరి మడిలో) తిరిగిందన్నారు, ఆ బురద ఎండి నట్టు అంచుల్లో సిమెంటులా పట్టేస్తుంది. దాని మీద కొట్టిన స్ప్రే అంతా కిందికి కారిపోతుంది.

మామూలు డబ్ల్యూడీ-40 స్ప్రే ఎక్కువగా తేమ పోగొట్టడానికి. పాత చిలుముకు ‘పెనెట్రేటింగ్ ఆయిల్’ (సందుల్లోకి దూరే నూనె) అని రాసున్న డబ్బా అడగండి. అసిటోన్ (ఇట్టే అంటుకునే ద్రావకం), ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసేది) సగం సగం కలిపి వాడేవాళ్లూ ఉన్నారు, పనిచేస్తుంది. బీడీ ముట్టించినోళ్లను మాత్రం దగ్గరికి రానీయకండి.

1. వైర్ బ్రష్‌తో నట్టు చుట్టూ, బయటికి కనబడే మర మీదా గీకండి.

2. రెండు వైపుల నుంచీ నూనె వేసి, నట్టు పక్కల మీద సుత్తితో తట్టండి. చాలామంది వదిలేసేది ఇదే. ఆ అదురుకు చిలుము పొర పగులుతుంది, నూనె ఆ సందుల్లోంచే లోపలికి పోతుంది. బోల్టు కొన మీద కొట్టొద్దు, మర చెడిపోతుంది. గంటకోసారి మళ్లీ నూనె, మళ్లీ తట్టుడు. ఆపైన రాత్రంతా వదిలేయండి.

3. పొద్దున రింగు పానా (నట్టు చుట్టూ పట్టేది) పెట్టండి, ఫిక్స్ పానా (నోరు తెరిచి ఉండేది) వద్దు, నట్టు మూలలు అరుగుతాయి. ముందు బిగించే వైపు కొద్దిగా, తర్వాత విప్పే వైపు. కదిలిందంటే ఒకేసారి లాగకుండా నూనె వేస్తూ అటూ ఇటూ తిప్పండి.

4. అప్పటికీ మొండికేస్తే వెల్డింగ్ షాపులో నట్టును గ్యాస్‌తో కాల్పించండి. నూనె పూర్తిగా తుడిచాకే మంట పెట్టాలి, లేకపోతే అంటుకుంటుంది.